రాజకీయ వంత: బుర్రకథలో అభిప్రాయానికి దక్కిన చోటు

తెలుగునాట కథను పాడి చెప్పే కళారూపాలు అనేకం ఉన్నా, సమకాలీన రాజకీయాలపై వ్యాఖ్యానించే పనిని ప్రదర్శనలోని ఒక కళాకారునికి ప్రత్యేకంగా అప్పగించిన రూపం బుర్రకథ. ఇందులో ముగ్గురుంటారు. నడుమ నిలిచి భుజాన తంబురా మోపి దాన్ని మీటుతూ, వేళ్లకు తొడిగిన అందెలను, అంటే లోపల గుళ్లున్న బోలు లోహపు ఉంగరాలను, లయకు తగ్గట్టు మోగిస్తూ, గజ్జెల కాళ్లతో ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తూ కథ నడిపేవాడు కథకుడు. అతనికి ఇరుపక్కలా గుమ్మెటలు అనే ఒంటిమూతి చర్మవాద్యాలు వాయిస్తూ, ‘తందాన తాన’ అని పల్లవి అందుకుంటూ నిలిచేవారు వంతలు. ఈ వంతల్లో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. హాస్యపు వంత తెలియనివాడిలా ప్రశ్నలు వేసి నవ్వించగా, రాజకీయపు వంత కథాసందర్భాన్ని పట్టుకుని నాటి ధరల మీదా, పాలకుల మీదా, ఊరి దురాచారాల మీదా తన మాట చెబుతాడు. బుర్రకథ సాధించిన విజయాలకూ తర్వాత దానికి పట్టిన దుస్థితికీ మూలం ఈ రెండో వంత స్థానంలోనే కనిపిస్తుంది.

పాతరూపంలో పరిస్థితి ఇది కాదు. బుర్రకథకు పూర్వరూపమైన జంగం కథను శైవ భిక్షుకులైన జంగాలు ఊరూరా తిరిగి చెప్పేవారు. తంబురాతో పురుషుడు కథ నడిపితే, అతని ఇంటి స్త్రీలు వాద్యం వాయిస్తూ వంత పాడేవారు. ప్రాంతాన్నిబట్టి దీనికే తంబుర కథ, శారద కథ, తందాన కథ అనే పేర్లున్నాయి. బాలనాగమ్మ, కాంభోజరాజు, దేశింగురాజు వంటి కథలు వారి సొత్తు. 1757 జనవరిలో బుస్సీ నాయకత్వంలోని ఫ్రెంచి సేనలు విజయనగర ప్రభువు పక్షాన బొబ్బిలి కోటను ముట్టడించిన ఘటన జనం నోట వీరగాథగా మారి, 1874లో జె. ఎ. బాయిల్ అనే ఆంగ్లేయుడు ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో తెలుగు వీరగాథలపై వ్యాసం రాసేనాటికే పండితుల దృష్టికి వచ్చింది. ఓడిన బొబ్బిలి వైపే ఆ గాథ మొగ్గు చూపడాన్నిబట్టి అభిప్రాయం లేని కథ ఎన్నడూ లేదని చెప్పవచ్చు గాని, ఆ అభిప్రాయం కథలో కలిసిపోయి ఉండేదే తప్ప, కథను ఆపి ఎదుటి కాలం గురించి మాట్లాడేది కాదు. ఊరి పెద్దలు పెట్టే ధాన్యం మీద బతికే గాయకునికి ఆ పెద్దలనే నిలదీసే వీలుండదన్నది ఊహించదగిన విషయమే.

ఆ వీలును కల్పించింది 1940ల నాటి ఉద్యమం. 1942లో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం తొలగడం, మరుసటి ఏడు భారత ప్రజా నాటక సంఘం ఏర్పడడం, దాని ఆంధ్రశాఖగా గరికపాటి రాజారావు సారథ్యంలో ప్రజానాట్యమండలి రూపుదిద్దుకోవడం వెంటవెంటనే జరిగాయి. జానపద కళల కోసం వెతికిన ఈ కార్యకర్తలకు బుర్రకథ నచ్చడానికి కారణాలు సిద్ధాంతపరమైనవి మాత్రమే కావు. తెరలు, దుస్తుల పెట్టెలు, పెద్ద రంగస్థలం అక్కర్లేకుండా ముగ్గురు మనుషులు, మూడు వాద్యాలతో ఏ రచ్చబండ దగ్గరైనా ఆట మొదలుపెట్టవచ్చు, పోలీసులు వస్తే అంతే త్వరగా ముగించవచ్చు. సుంకర సత్యనారాయణ రాసిన ‘కష్టజీవి’ ఈ కొత్త ధోరణికి తొలి రచనల్లో ఒకటి. రాజుల స్థానంలో రైతుకూలీ కథానాయకుడు కాగా, బిచ్చం కోసం పాడే గాయకుని స్థానంలో ఒక సంస్థ అండ ఉన్న కార్యకర్త నిలబడ్డాడు. నేడు కనిపించే పాత్రవిభజనలో రాజకీయపు వంతకు ఇంత ప్రాధాన్యం దక్కింది ఈ దశలోనే.

ఈ రూపాన్ని శిఖరానికి చేర్చిన షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టాడు. సంగీతం నేర్చి, నాటకాల్లో స్త్రీపాత్రలు వేసి, ఉద్యమంలోకి వచ్చిన తర్వాత 1943 నాటి బెంగాల్ కరువును బుర్రకథగా చెప్పాడు. అయితే అతని ప్రతిభ సమకాలీన వస్తువులో కంటే పాతకథను కొత్తగా నిలబెట్టిన ‘పల్నాటి యుద్ధం’లోనే ఎక్కువగా తెలుస్తుంది. పన్నెండో శతాబ్దపు పల్నాటి గాథలో బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించిన చాపకూడు ఘట్టం ఉంది. మాలకులానికి చెందిన కన్నమదాసు సేనానిగా నిలిచిన వృత్తాంతమూ ఉంది. వర్తమానాన్ని ప్రశ్నించడానికి ఇంతకంటే అనువైన పురాగాథ దొరకదు. చాపకూడు దగ్గర కథకుడు ఊపిరి తీసుకుంటే, రాజకీయపు వంత ఆ ఊరి బావి గురించో గుడి గురించో ఒక్క మాట అందుకోవచ్చు, హాస్యపు వంత దానికి అడ్డుపడవచ్చు, కథకుడు ఇద్దరినీ సర్ది మళ్లీ రగడ నడకలోకి, అంటే తాళానికి లొంగి పరుగెత్తే దేశి ఛందస్సులోకి, కథను మళ్లించవచ్చు. వీరరసం నడుమ ఈ విరామం ఉండడంవల్ల శ్రోతకు అభిప్రాయం ఉపన్యాసంలా వినిపించదు, వాదులాటలా వినిపిస్తుంది. దూదేకుల ఇంటి బిడ్డ కులసమానత్వపు గాథను ఊరి నడుమ నిలబడి చెప్పడంలోనే ఒక రాజకీయం ఉందన్నది వేరే సంగతి. ఆ 1940ల దశకంలోనే మోటూరి ఉదయం వంటి స్త్రీలు దళాలుగా ఏర్పడి బుర్రకథ చెప్పడం మరో మలుపు. జంగం కథలో వంతకే పరిమితమైన స్త్రీ ఇక్కడ కథకురాలయింది.

ప్రభుత్వాలు ఈ కళను ఎంత తీవ్రంగా తీసుకున్నాయో నిషేధాలే చెబుతాయి. ఇటు మద్రాసు ప్రభుత్వం, అటు నిజాం ప్రభుత్వం రెండూ బుర్రకథ ప్రదర్శనలను అడ్డుకున్నాయి. తెలంగాణ సాయుధపోరాట కాలంలో తిరునగరి రామాంజనేయులు ‘తెలంగాణ వీరయోధులు’ రచించగా, ఇటువంటి కథలు పోరాటవార్తలను పల్లెలకు చేర్చే పత్రికల పని కూడా చేశాయి. చదువు రానివారే ఎక్కువగా ఉన్న ఆ పల్లెల్లో వార్తకూ దానిపై వ్యాఖ్యకూ తంబురాయే ఆధారం. ఉద్యమ అవసరాల కోసం కళను కరపత్రం చేశారన్న ఆక్షేపణ అప్పటినుంచీ ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. వంతలిద్దరూ, కథకుడూ ఒకే మాటను మూడు గొంతులతో చెప్పిన రచనలు ఉద్యమంతోపాటే పాతబడిపోయాయి. నిలిచినవి మాత్రం ఎదురుమాటకు చోటిచ్చినవే.

1948 తర్వాత నిర్బంధం పెరగడంతో ప్రజానాట్యమండలి చెదిరి, దాని కళాకారులు చాలామంది మద్రాసు చిత్రసీమకు చేరారు. గరికపాటి రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ తీశాడు. 1954 నాటి ‘అగ్గిరాముడు’లో నాజర్ దళం అల్లూరి సీతారామరాజు కథను బుర్రకథగా చెప్పింది. 1924లో బ్రిటిషువారి చేతిలో మరణించిన వీరుడు స్వతంత్ర భారతంలో ఎవరికీ ఇబ్బంది కలిగించని కథావస్తువు. రాజకీయపు వంత విమర్శించాల్సిన పాలకులు అప్పటికి దేశం విడిచి వెళ్లిపోయారు. 1954లోనే కేంద్రప్రభుత్వం జానపద కళల ద్వారా ప్రచారం చేయడానికి పాటలు, నాటకాల విభాగాన్ని నెలకొల్పింది. నిన్న నిషేధించిన తంబురాను నేడు ప్రభుత్వమే పిలిచి పంచవర్ష ప్రణాళికల గురించీ, కుటుంబ నియంత్రణ గురించీ, పొదుపు గురించీ పాడించింది. పారితోషికం దొరకడంవల్ల ఎన్నో కుటుంబాలు బతికాయన్నది కాదనలేని నిజం. కాని పథకం రాసినవారే రాజకీయపు వంతకు మాటలు రాసి ఇవ్వడంతో, ఆ స్థానం పేరుకు మిగిలి పని మారింది. వింతగా, ఈ దశలో చురుకైన విమర్శకు కాస్తో కూస్తో వీలు మిగిలింది హాస్యపు వంతకే. తెలివితక్కువవాడి వేషంలో ఉన్నవాడు అధికారిని ఒక మాటంటే నవ్వుకుని ఊరుకోవచ్చు.

1972లో ఏర్పడిన జననాట్యమండలి ఒగ్గుకథ, బుర్రకథల వంటి రూపాలను మళ్లీ ప్రతిఘటన వైపు తిప్పింది గాని, దాని ప్రధాన బలం పాటలోనే ఉంది. ఇక బుర్రకథను శిఖరానికి చేర్చిన నాజర్‌కు 1986లో పద్మశ్రీ లభించింది. 1997లో అతను మరణించాడు. అతని జీవితకథ ‘పింజారి’ పేరుతో పుస్తకమయింది.

ఈ చరిత్ర రాయబూనినవారికి ఆధారాల చిక్కు ఒకటుంది. అచ్చయిన బుర్రకథ పుస్తకాల్లో కథకుని పద్యమూ వచనమూ పూర్తిగా ఉంటాయి. వంతల మాటలు క్లుప్తంగా ఉంటాయి. సందర్భాన్నిబట్టి అప్పటికప్పుడు పుట్టి, ఊరు మారగానే మారిపోయే రాజకీయపు వంత వ్యాఖ్యలు కాగితం మీదికి వచ్చింది తక్కువ. ఆకాశవాణి స్టూడియోల్లో పాడినవి ముందే చూసి ఆమోదించిన ప్రతులు. అందువల్ల పుస్తకాలనూ రికార్డులనూ మాత్రమే నమ్ముకున్న పరిశోధనలో నాజర్ గొంతు, సుంకర రచన దొరుకుతాయి గాని, ఫలానా ఊళ్లో ఫలానా రాత్రి పక్కనున్న వంత ఎవరిని ఏమన్నాడన్నది దొరకదు.