మోడు కాదు, మొక్కే

హైదరాబాద్‌లో పంజాగుట్ట పక్కనే ఉన్న ఎర్రగడ్డ అనే దిబ్బ మీద నవాబు ఫఖ్రుల్ ముల్క్ మహలు కట్టించుకున్నాడు. దిబ్బ పేరుకు దగ్గరగా ఉంటుందనే ఇరం మంజిల్ అని పెట్టాడంటారు. ఇరం అంటే పారసీక కథల్లోని ఉద్యానం. తెలుగు నోట అది మళ్లీ ‘ఎర్ర’మంజిల్ అయింది. కాస్త ముందుకెళితే అమీర్‌పేట మైత్రీవనం. అక్కడ వనమేమీ లేదు, హుడా కట్టిన వాణిజ్య సముదాయమూ దాని చుట్టూ కోచింగ్ బోర్డులూ తప్ప.

నవాబుల బాగుల్లో మొక్కకొక మాలీ, తోటకొక బావి ఉండేవి. 1950లో కె.ఎం. మున్షీ వన మహోత్సవం మొదలుపెట్టాక నాటడం పండుగైంది. నీళ్లు పోసే పని మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. కాలనీల్లో మడగాస్కర్ నుంచి వచ్చిన తురాయి, అమెరికా ఖండపు నిద్రగన్నేరు నిలదొక్కుకున్నాయి. తొందరగా పెరిగి నీడనిచ్చాయి, గాలివానకు కొమ్మలు విరిగి కార్ల మీద పడ్డాయి కూడా.

2015 జూలై 3న తెలంగాణలో మొదలైన హరితహారం రాష్ట్రమంతటా 230 కోట్ల మొక్కలు లక్ష్యమని చెప్పింది. ఆ ఊపులో కోనోకార్పస్ బారులు తీరింది. ఏడాదంతా పచ్చగా ఉంటుంది, ఆకుచెత్త ఊడ్చే బాధ తక్కువ. మన రేల, మోదుగ, బూరుగ వెనకబడటానికి నేరం ఒక్కటే: ఆకు రాల్చడం! 2020 నాటి జీహెచ్‌ఎంసీ చట్ట సవరణ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించి, నాటినవాటిలో 85 శాతం బతకాలంది. నాటిన లెక్క పక్కన బతికిన లెక్క కూడా చేరింది.

బతకడం ఇక్కడ తేలిక కాదు. పైన కంకర, కింద మొరం, ఆ కింద గుండు. గోతి గోడలు నున్నగా ఉంటే వేళ్లు కుండీలో ఉన్నట్టు చుట్లు తిరుగుతాయి, వానాకాలంలో నీరు నిలిచి కుళ్లుతాయి. అందుకే తెలిసినవాళ్లు ఎండాకాలంలోనే రెండడుగుల గొయ్యి తీసి, గోడలను గడ్డపారతో పగలగొట్టి, మాగిన పశువుల ఎరువు కలిపిన ఎర్రమట్టి నింపి, మృగశిర దాటి నేల తడిశాక నాటుతారు. పాదు కడతారు. రెండు మూడు ఎండాకాలాలు నీళ్లు పోస్తారు. కాండం లావెక్కగానే ఇనుప ట్రీగార్డు తీసేస్తారు; తీయకపోతే అది బెరడులోకి దిగుతుంది.

అసలు గండం మార్చిలో. రేల మొక్క ఆకంతా రాల్చి పుల్లలా నిలబడుతుంది. చచ్చిందనుకుని నీళ్లు ఆపేస్తారు, లేదా పీకేస్తారు. గోటితో బెరడు కొంచెం గీకి చూడాలి. లోపల పచ్చగా తడి కనిపిస్తే ప్రాణమున్నట్టే. వారానికోసారైనా బకెట్టు నీళ్లు పోస్తూ చిగురు వచ్చేదాకా ఆగాలి.