గుండెకు కళ్లెం వేసే అడెనోసిన్

అడెనోసిన్ ఒంట్లోని ప్రతి కణంలోనూ ఉంటుంది. దానికి మూడు ఫాస్ఫేట్లు చేరితే ఏటీపీ, అంటే కణాలు ఖర్చుపెట్టుకునే శక్తి. కణం అతిగా శ్రమించినప్పుడు ఏటీపీ విరిగి అడెనోసిన్ పోగవుతుంది, బయటికి వచ్చి గుండె వేగాన్ని తగ్గిస్తుంది, గుండె రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. పని తగ్గించి రక్తప్రసారం పెంచే ఈ ఏర్పాటు అలసిన కండరాన్ని కాపాడుతుంది. గుండెపై అడెనోసిన్ ప్రభావాన్ని కేంబ్రిడ్జిలో డ్రూరీ, సెంట్-గ్యోర్గీ 1929లో వెల్లడించారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఏటీపీని వెలికితీసిందీ ఆ ఏడాదే.

ఆసుపత్రుల్లో అడెనోసిన్ అసలు సత్తా ఎస్‌వీటీ అనే గుండెదడలో కనిపిస్తుంది. కూర్చున్న మనిషికి ఉన్నట్టుండి గుండె నిమిషానికి 150 నుంచి 220 సార్లు కొట్టుకుంటుంది. చాలామందిలో విద్యుత్ సంకేతం గుండె పై గదుల నుంచి కింది గదులకు దారి అయిన ఏవీ నోడ్ గుండా గిరగిరా తిరుగుతూ ఉండటమే కారణం. ఊపిరి బిగబట్టి ముక్కించినా దడ తగ్గకపోతే 6 మిల్లీగ్రాముల అడెనోసిన్‌ను పెద్ద సిరలోకి ఒక్క ఊపున ఎక్కించి, వెంటనే సెలైన్ తోస్తారు. ఆలస్యం చేస్తే మందు గుండెను చేరదు. రక్తకణాలు దాన్ని మింగేస్తాయి, పది సెకన్లలోపే సగం మాయమవుతుంది. లొంగకపోతే 12 మిల్లీగ్రాములు ఇస్తారు. మందు ఏవీ నోడ్‌ను కాసేపు అడ్డుకోవడంతో మానిటర్ మీద గీత కొన్ని సెకన్లు చదునైపోతుంది. ముఖం వేడెక్కి, ఛాతీ పట్టేసి, ప్రాణం పోతున్నట్టే అనిపిస్తుంది. ఈ సంగతి రోగికి ముందుగా చెప్పి తీరాలి. తెలియక పడే భయం చాలా పెద్దది.

ఆస్తమా ఉన్నవారిలో ఇది శ్వాసనాళాలను బిగించవచ్చు కనుక సాధారణంగా వాడరు.

ట్రెడ్‌మిల్ మీద నడవలేనివారికి గుండె పరీక్ష చేసేటప్పుడు అడెనోసిన్‌నే డ్రిప్‌గా ఎక్కించి రక్తప్రసారాన్ని చూస్తారు. పరీక్షకు కనీసం 12 గంటల ముందు నుంచి కాఫీ, టీ మానాలి, ఎందుకంటే కెఫీన్ అడెనోసిన్ గ్రాహకాలను ఆక్రమిస్తుంది. కాఫీ తాగితే నిద్ర పట్టకపోవడానికీ ఇదే కారణం. మేలుకున్నంతసేపూ మెదడులో పెరిగే అడెనోసిన్ నిద్రమత్తు తెస్తుంది. కెఫీన్ దాన్ని తొలగించదు, దాని పిలుపు వినపడకుండా చేస్తుందంతే. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీన్ రాత్రి పదకొండింటికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది.

కీళ్లవాతానికి తక్కువ మోతాదులో ఇచ్చే మెథోట్రెక్సేట్ వాపును తగ్గించడంలో అడెనోసిన్‌కు పెద్ద పాత్ర ఉందని పరిశోధకుల అభిప్రాయం. ఆ మందు పుట్టింది లెడర్లీ సంస్థలో సుబ్బారావు నడిపిన బృందం చేతుల్లోనే.

అడెనోసిన్‌ను విడగొట్టే ఏడీఏ ఎంజైమ్ పుట్టుకతోనే లోపిస్తే లింఫోసైట్లు నశించి, పసిబిడ్డలకు రోగనిరోధక శక్తే ఉండదు. 1990 సెప్టెంబరులో అమెరికాలోని బెథెస్డాలో నాలుగేళ్ల పాపకు ఈ లోపానికే జన్యు చికిత్స చేశారు. ఆమె సొంత తెల్లకణాల్లోకి సరైన జన్యువును చేర్చి తిరిగి ఎక్కించారు. అప్పటికే ఇస్తున్న ఎంజైమ్ ఇంజెక్షన్లు మాత్రం ఆపలేదు.