చౌడు మిద్దె కింద బస

2027 జూలై 6కి సర్ థామస్ మన్రో పోయి రెండు వందల ఏళ్ళు. ఆ సందర్భంగా వచ్చే ఈ సంచికకు మన సీమ సత్రాల గురించి రాయమని కమిటీ పెద్దలు అడిగారు. మన్రో దొర పేరెత్తకుండా ఆ కథ మొదలు కాదు. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ధారాదత్తం చేశాక ఏడేళ్ళు కలెక్టరుగా ఊరూరా తిరిగి, పొలాలు కొలిపించి, శిస్తు నేరుగా రైతుతోనే ఖరారు చేసిన మనిషి ఆయన. గవర్నరుగా ఆఖరి పర్యటనకు వచ్చి, పత్తికొండలో కలరా తగిలి కన్నుమూశారు. గుత్తిలో ఖననం చేసి, 1831లో అవశేషాలను మద్రాసుకు తరలించారు. ఆయన గుర్తుగా పత్తికొండలో తోపు, మెట్లబావి వెలిశాయి. గుత్తిలో బాటసారులకు సత్రం లేచింది. మనవాళ్ళు బిడ్డలకు మన్రోలప్ప అని పేర్లు కూడా పెట్టుకున్నారు.

ఇక కట్టడం సంగతి. మన పాత సత్రాలకు, ఇళ్ళకు ప్రాణం గోడల్లో లేదు, నెత్తిన ఉంది. వేపదో తుమ్మదో కంబం నిలిపి, దాని మీద దూలం, దూలాల మీద దగ్గర దగ్గరగా దంతెలు, పైన కట్టెపుల్లలు, ఆకు, తడిమట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడుమట్టి తడిస్తే ఉబ్బి బిగుసుకుంటుంది, నీటిబొట్టును కిందికి పోనివ్వదు. వెలుతురుకు, పొగకు మధ్యలో గవాచి. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే నేల కాబట్టే ఈ మట్టికప్పు నిలిచింది. కోస్తాలో అయితే రెండు ముసుర్లకు కూలేది.

వాన లేకపోవడమే ఇచ్చిన కప్పును, వాన లేకపోవడమే తీసుకుపోయింది కూడా. 1876లో మొదలైన ధాత కరువులో జనం ముందు గొడ్లను, తరవాత వెండిని, చివరికి ఇంటి తలుపులు, దూలాలు ఊడబీకి కట్టెల లెక్కన అమ్ముకున్నారు. దూలం పోయిన ఇంట్లో చౌడు నేలపాలైంది. కరువుపనికి వెళ్ళిన మగమనిషికి ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ లెక్కగట్టిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. ఆ పౌను గింజలతో మట్టి మోసి బతకమన్నారు. 

ఆ కరువుకు ఐదారేళ్ళ ముందే, 1871కి, మద్రాసు–రాయచూరు రైలుదారి పూర్తయింది. రాత్రి బస చేసే బాటసారి స్టేషను వైపు తిరిగాడు. 

ఆ తరవాత కూడా నిలిచిన మా ఊరి సత్రానికి మిద్దె చూసుకున్నది మా జేజినాయన. ఎండాకాలం చివర బండి కట్టించి చౌడుబీటికి వెళ్ళి, పైపొర గీకించి తెచ్చేవాడు. మిద్దెనెక్కి, గడ్డి పెరికి, నెర్రెలు చూసి, చౌడు పరిచి దిమ్మిసతో కొట్టించేవాడు. నోట్లో కాస్త వేసుకుని, ఉప్పదనం చాలకపోతే బండి వెనక్కి పంపేవాడు. నాకు సత్రం అంటే ఆయనే.

సత్రాలను నిలబెట్టిన దాతలకు, కార్యకర్తలకు కృతజ్ఞతలు చెప్పడం నా విధి. ధాన్యం ఇచ్చిన రైతులు, సున్నం ఇచ్చిన వర్తకులు, బండలు ఇచ్చిన క్వారీ యజమానులు, దీపాలకు నూనె పోసిన గానుగవారు, వంటవారు, నీళ్ళు మోసిన ఆడవాళ్ళు, అందరికీ నమస్కారాలు. దాతల పేర్లు వెనక పేజీల్లో ఉన్నాయి. గోడ పేర్చిన ఒడ్డెవాళ్ళు, దూలం చెక్కిన వడ్రంగులు, చౌడు తోలినవాళ్ళు ఆ పేజీల్లో లేరు. ఎందుకు లేరని కమిటీని అడిగాను. రాళ్ళ మీద చెక్కిన పేర్లే అచ్చు వేస్తామన్నారు.

కొన్నేళ్ళ కిందట మా సత్రం మీద చౌడు తీయించి సిమెంటు పోయించారు. రెండు వానాకాలాలు గడవకముందే పగిలింది, తేమ దంతెల్లోకి దిగి చెదలు పట్టింది. ఈసారి మరమ్మతు అంచనాలో కూడా సిమెంటే ఉంది. చౌడు మిద్దె వేయడం తెలిసిన ముసలివాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. ఈ ఎండాకాలం లోపు పిలిపిస్తే వస్తారు. వచ్చే ఏడు వాళ్ళు మిద్దె ఎక్కగలరని నేను చెప్పలేను.