నీటిపై మదుపు: దశబంధం నుండి కంపెనీ కాలువ వరకు

పీలేరు, పుంగనూరుల నడుమ ఉన్న సదుం సీమలో జీవనది లేదు. గుట్టలు, వాలు నేలలు, పల్లాలకు అడ్డంగా వేసిన చెరువుకట్టలు, ఇవే అక్కడి సేద్యానికి ఆధారం. వాన వెలిసిన కొద్దికాలానికే నీరు దిగువకు జారిపోతుంది. దానిని నిలపడానికి కట్ట కావలెను. కట్టకు పైకం కావలెను. ఆ పైకం పెట్టేవారెవరు? వారికి ప్రతిఫలం ఎక్కడినుండి రావలెను? రాయలసీమ చరిత్రలో ఈ ప్రశ్నకు వేర్వేరు కాలాలలో వేర్వేరు సమాధానాలు దొరికినవి.

చెరువు నిర్మాణం ఎంత వ్యయంతో కూడినదో కడప జిల్లాలోని పోరుమామిళ్ల శాసనం తెలుపుతున్నది. విజయనగర రాజకుమారుడైన భాస్కర భవదూరుడు 1369లో అక్కడ చెరువు కట్టించినాడు. వేయిమంది కూలీలు, రాతిపనికై నూరు బండ్లు, రెండు సంవత్సరాల కాలం అవసరమైనవని అందులో ఉన్నది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండరాని ఆరు దోషాలు కూడ ఆ శాసనంలో చెప్పినారు.

అంతటి ధనం ప్రతి పల్లెకు రాజులే సమకూర్చలేరు. అందువల్ల ఏర్పడినదే దశబంధం. సొంత ఖర్చుతో చెరువు కట్టినవారికి, లేదా తెగిన చెరువును బాగుచేసినవారికి దాని ఫలసాయంలో కొంత పాలు వంశపారంపర్యంగా లభించేది. పేరునుబట్టి అది పదోవంతు. ఆచరణలో మాత్రం చోటునుబట్టి మారేది. కొన్ని ఊళ్లలో ప్రత్యేకంగా భూమినే ఇచ్చేవారు. మరికొన్నింట చెరువు కింది శిస్తులో భాగం ఇచ్చేవారు. మరమ్మతుల భారం కూడ దశబంధందారుదే. కట్ట తెగితే ఆయకట్టు ఎండుతుంది; ఆయకట్టు ఎండితే అతని రాబడి తగ్గుతుంది. కనుక కట్టను కాపాడుకొనడం అతని స్వప్రయోజనమే.

తిరుమల దేవాలయం 15, 16 శతాబ్దాలలో ఇంకొక మార్గం అనుసరించినది. భక్తుడు నైవేద్యాల కొరకు భాండారానికి పైకం చెల్లించేవాడు. ఆ పైకంతో దేవాలయ గ్రామాలలో చెరువులు, కాలువలు త్రవ్వించి, అధికంగా పండిన పంటనుండి నైవేద్యం జరిపించేవారు. ప్రసాదంలో నాలుగోవంతు దాతకు చెందేది. ఇక్కడ కూడ దాత పాలు పొలంలో పండిన గింజనుండే రావలెను.

19వ శతాబ్దంలో ఈ సూత్రం మారినది. గోదావరిపై 1852లో, కృష్ణపై 1855లో ఆనకట్టలు పూర్తి అయి డెల్టాలు పచ్చబడినవి. నీటిపనులు లాభసాటి వ్యాపారమని ఆర్థర్ కాటన్ గట్టిగా వాదించినాడు. 1858లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ లండనులో ఏర్పడినది. దాని పది లక్షల పౌన్ల మూలధనంపై నూటికి ఐదు వంతున వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చినది. అనగా కాలువలో నీరు పారినా పారకున్నా వాటాదార్లకు సంవత్సరానికి 50,000 పౌన్లు ముట్టవలెను. ఆ సొమ్ము భారతదేశపు పన్నులనుండి రావలసినదే.

తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, కర్నూలు వద్ద హంద్రీనదిని మేలుకాలువపై దాటించి, కడప వరకు సుమారు 306 కిలోమీటర్ల కాలువ త్రవ్వినారు. కాని ఖర్చు అంచనాలను మించినది. మూలధనం చాలక 1866లో ప్రభుత్వం మరి 6 లక్షల పౌన్లు అప్పు ఇవ్వవలసివచ్చినది.

అంతకన్న పెద్ద చిక్కు పొలంలో ఎదురైనది. కర్నూలు సీమలోని నల్లరేగడి తేమను చాలకాలం పట్టి ఉంచుతుంది. వానలు సరిగా పడిన ఏట జొన్న, పత్తి కాలువ నీరు లేకుండానే పండుతవి. మాగాణి చేయాలంటే మడులు కట్టవలెను, నీటితీరువ చెల్లించవలెను. రైతు అందుకు ముందుకు రాలేదు. డెల్టా నేలకు కుదిరిన లెక్క రేగడికి కుదరలేదు. 1876-78 నాటి కరవులో మాత్రం ఈ నీటికి గిరాకి కలిగినది. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొన్నది. ఒరిస్సాలో కాలువలు చేపట్టిన మరొక కంపెనీ పనులను అంతకు ముందే, 1860ల చివర, ప్రభుత్వం కొనవలసివచ్చినది.

కాలువ మాత్రం వ్యర్థం కాలేదు. కాలక్రమాన రైతులు వరికి అలవాటుపడినారు. కర్నూలు-కడప కాలువ ఆయకట్టు నేడు 2.65 లక్షల ఎకరాలు. లోపం నీటిది కాదు, నష్టభారాన్ని పంచిన విధానానిది. దశబంధందారు పంటతోపాటు నష్టాన్ని కూడ పంచుకొన్నాడు. కంపెనీ వాటాదారుకు వడ్డీ నిశ్చయం; నష్టం నీరు వాడని రైతుతో సహా పన్ను చెల్లించిన వారందరిదీ అయినది. వడ్డీకి హామీ ఉన్నచోట నేల స్వభావాన్ని, రైతు అవసరాన్ని ముందుగా విచారించవలసిన ఒత్తిడి మదుపుదారుకు ఉండదు.

అయితే పాతపద్ధతి నిర్దోషమని చెప్పరాదు. వారసులు మరమ్మతులు మానినచోట చెరువులు పూడినవి. పెద్ద నదులను మళ్లించడం దశబంధం శక్తికి మించిన పని. నేడు శ్రీశైలం జలాశయంనుండి హంద్రీ-నీవా పథకం కృష్ణనీటిని దశలవారీగా ఎత్తి మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు తెస్తున్నది. 2025లో ఆ నీరు కుప్పం చేరినది. ఈ వ్యయం ప్రజాధనం. దాని ఫలితం కూడ, నాటి దశబంధం వలెనే, చివరి మడికి అందిన నీటినిబట్టియే లెక్కింపవలసి ఉన్నది.