ఉమ్మడి పూచీ: స్థానిక సంస్థల ఋణ చరిత్ర

అప్పు లేక, స్వగృహమున కూర వండుకొని తినువాడే సుఖి యని భారతమున ధర్మరాజు యక్షునకు బదులు చెప్పెను. గృహస్థునకు ఈ మాట శిరోధార్యము. ఊరి సంగతి వేరు. మంచినీటి చెరువు, మురుగు కాలువ, వంతెన అనునవి రెండు మూడు తరముల వారు అనుభవించు వస్తువులు. వాని ఖర్చునంతయు ఒక్క ఏటి పన్నుదారుల నెత్తిన పెట్టుట న్యాయము కాదు. కావుననే స్థానిక సంస్థలు అప్పు చేయుట అనేక దేశములందు ఆచారమైనది. చిక్కంతయు వడ్డీలో నున్నది.

మహానగరము పేరు ధనికులకు తెలియును. చిన్న పట్టణము పేరు ఎవరికి తెలియును? దాని లెక్కలు పరీక్షించుటకు, పత్రములు వ్రాయించుటకు అగు ఖర్చు మాత్రము అప్పు పెద్దదైనను చిన్నదైనను ఇంచుమించు ఒక్కటే. పైగా ఆ ఋణపత్రమును కొన్నవాడు అవసరమునకు మరల అమ్మజూపినచో కొనువారు సులభముగా దొరకరు. ఇందుచేత చిన్న ఊరు హెచ్చు వడ్డీ నిచ్చుకొనవలసి వచ్చుచున్నది. పది కోట్ల రూపాయల అప్పుపై నూటికొక రూపాయి వడ్డీ తగ్గినచో ఏడాదికి పది లక్షలు మిగులును. చిన్న పట్టణమునకు అది స్వల్పమైన మొత్తము కాదు.

దీనికి విరుగుడు ఊళ్లు కలిసి అప్పు తెచ్చుట. కలిసినప్పుడు పూచీ ఎట్లుండవలె నను ప్రశ్న మన పూర్వులకు క్రొత్త కాదు. ఒక అప్పునకు పలువురు పూచీదార్లున్నచో ఎవరి వంతు వారు చెల్లింపవలెననియు, అందరును ఒకే నీడ నాశ్రయించినవారైనచో ఋణదాత తన యిష్టము వచ్చినవానినుండి మొత్తము రాబట్టుకొనవచ్చుననియు యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్యాఖ్యానము రచింపగా, దానిని 13వ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు చేసెను. నేటి ఉమ్మడి ఋణసంస్థలలో పెక్కింటి పునాది ఈ రెండవ విధమైన పూచీయే.

ఐరోపాలో ఈ మార్గమును ముందుగా త్రొక్కిన దేశములలో బెల్జియము ఒకటి. 1860లో ఆర్థికమంత్రి ఫ్రేర్ ఒర్బాన్ ఊళ్లు వసూలు చేసికొను పొలిమేర సుంకమును రద్దు గావించెను. ఆ యేటనే ఊళ్లకు అప్పులిచ్చు ఉమ్మడి బ్యాంకును స్థాపింపజేసెను. అప్పు తీసికొను ఊళ్లే అందు వాటాదార్లు. డెన్మార్కులో 1898 నాటి చట్టముచే ఇట్టి సంస్థ యేర్పడెను. అందలి సభ్యులందరును ఒకరి అప్పునకు ఒకరు బాధ్యులు. స్వీడనులో 1986లో ఒరెబ్రో ప్రాంతపు ఊళ్లు కలిసి మొదలిడిన సంస్థ కాలక్రమమున దేశమంతటికి వ్యాపించినది.

ఇటీవలి దృష్టాంతము న్యూజిలాండు. అచ్చట నగర, జిల్లా, ప్రాంతీయ మండలులు కలిసి 78 గలవు. మండలులు తమ వ్యాపార సంస్థలకు హామీ ఉండరాదని 2002 నాటి స్థానిక ప్రభుత్వ చట్టము శాసించినది. ఇట్టి కట్టుబాట్లను ఉమ్మడి ఋణసంస్థ విషయమున సడలించుటకు 2011లో స్థానిక ప్రభుత్వ ఋణ చట్టము చేయబడెను. ఆ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన సంస్థ వెలసినది. మూలధనములో కొంత ప్రభుత్వముది, తక్కినది మండలులది. ప్రభుత్వము వాటాదారే గాని సంస్థ అప్పులకు పూచీదారు కాదు. పూచీ మండలులదే. అవి తమ పన్నుల రాబడిని తాకట్టు పెట్టును. బాకీ చెల్లనిచో ఆ బాకీకై ప్రత్యేకముగా పన్ను వేసి రాబట్టుటకు చట్టములో వీలు గలదు. ఇచ్చు ప్రతి అప్పులో కొంత భాగమును సంస్థ తన వద్ద నిలుపుకొనును. నష్టము వాటిల్లినచో అది మొదటి అడ్డుకట్ట.

భారతదేశమున స్థానిక సంస్థల ఋణములకు 1914లోనే చట్టము పుట్టినది. ఐనను ఉమ్మడి మార్గము ఆలస్యముగా వచ్చినది. 2002లో తమిళనాడు ప్రభుత్వము ఒక ట్రస్టు నేర్పరచి, 13 పట్టణముల నీటి సరఫరా, పారిశుద్ధ్య పనుల నిమిత్తము 30.41 కోట్ల రూపాయల ఋణపత్రములను నూటికి 9.20 వడ్డీతో 15 సంవత్సరముల గడువునకు అమ్మించెను. అసలులో సగమునకు అమెరికా సహాయసంస్థ హామీ నిచ్చినది. 2005లో కర్ణాటకమున బెంగుళూరు చుట్టుపట్లనున్న 8 పురపాలక సంస్థలకై 100 కోట్లు ఇట్లే సేకరింపబడెను. 2006లో కేంద్రప్రభుత్వము ఉమ్మడి ఋణములకు తోడ్పడు పథకమును ప్రకటించినది. 2018లో హైదరాబాదు మహానగర సంస్థ ఒంటరిగనే 200 కోట్లు నూటికి 8.90 వడ్డీకి తేగలిగినది. చిన్న పురపాలక సంఘములకు అట్టి శక్తి యెక్కడిది?

ఇంతవరకు చెప్పినది లాభము. చరిత్రకు రెండవ పుట కూడ గలదు. మొదట చెప్పిన బెల్జియపు బ్యాంకు 1996లో ఫ్రాన్సు దేశపు సంస్థతో కలిసి డెక్సియా యను పేరు దాల్చినది. ఊళ్లకు అప్పులిచ్చుటతో తృప్తి చెందక దేశాంతర వ్యాపారములలో దిగినది. దీర్ఘకాలపు అప్పు లిచ్చుటకు స్వల్పకాలపు అప్పు తెచ్చినది. 2008లో లోకమంతట ధనము బిగిసిపోగా బెల్జియము, ఫ్రాన్సు, లక్సెంబర్గు ప్రభుత్వములు దానిని ఆదుకొనవలసి వచ్చెను. 2011 అక్టోబరులో అది ముక్కలయ్యెను. బెల్జియము శాఖను ఆ ప్రభుత్వమే 400 కోట్ల యూరోలకు కొనెను. న్యూజిలాండు తన సంస్థను నెలకొల్పినదియు ఆ యేటనే. ఒకచోట నీడ కూలగా మరియొకచోట నీడ మొలచినది. డెన్మార్కు సంస్థ మాత్రము స్థానిక సంస్థల పనులను విడువక నేటికిని నిలిచియున్నది.

ఈ చరిత్రనుండి గ్రహింపవలసినది స్పష్టము. ఉమ్మడి పూచీ వడ్డీని తగ్గించును గాని అప్పును తగ్గింపదు. పొరుగూరి దుబారా మన పన్నుగా మారు మార్గము కూడ అదియే. కావున ఒకే నీడ క్రింద చేరు ఊళ్లు ఒండొరుల లెక్కలను చూచు హక్కును ముందుగా సంపాదించుకొనవలెను. తెచ్చిన ధనము తరతరములు నిలుచు పనులకే వినియోగింపవలెను, దినవెచ్చములకు కాదు.

చందాదారులెల్లరు తలా కొంచెము వేసికొని, ఒక్కనికి అందని పుస్తకములను అందరికి అందించుకొనుటయే గ్రంథాలయము. ఆ ధర్మమే ఊళ్ల మధ్యను నడువవచ్చును. అయితే లెక్క చదువగల ప్రజలున్నచోటనే ఉమ్మడి పూచీ క్షేమము. ఆ చదువును పెంపొందించు భారము ఇట్టి గ్రంథాలయములదే.