బల్లమీది రైలుదారి

ఇంటిలో ఒక చిన్న రైలుదారిని నిర్మించుకొనవలెనను కుతూహలము కలిగినవారు మొట్టమొదట అడుగు ప్రశ్న ఏ కొలత మంచిదని; దాని వెన్నంటియే ఎంత స్థలము కావలెను, విద్యుత్తు ఇంజనునకు ఎట్లు చేరును, ఒకే దారిపై రెండు బండ్లను నడుపుట సాధ్యమా అను ప్రశ్నలు వచ్చును. వీనికి అంగడివాడు తడుముకొనక సమాధానము చెప్పును గాని, ఆ సమాధానము అట్లే యేల ఉండవలెనని తిరిగి ప్రశ్నించినచో తెల్లమొగము వేయును. ఈ విద్యలోని కొలతలు పెక్కు శాస్త్రజ్ఞులు కూర్చుండి నిర్ణయించినవి కావు. ఒక్కొక్క కర్మాగారమున, ఆనాటి మోటారు పరిమాణమును బట్టియు, ఆనాటి యిండ్ల వైశాల్యమును బట్టియు కుదిరినట్లు కుదుర్చుకొనిన ఒడంబడికలే తరువాతి తరములకు శాసనములైనవి.

జర్మనీలోని గోపింగెన్ పట్టణమున 1859లో నెలకొనిన మార్క్‌లిన్ కర్మాగారము తొలుత బొమ్మరిండ్లకు కావలసిన రేకు వంటపాత్రలను చేయుచుండెను. 1866లో స్థాపకుడు మరణింపగా అతని భార్య కరోలిన్ ఎన్నో యిబ్బందులకోర్చి ఆ వ్యాపారమును నిలువబెట్టెను. కుమారుల హయాములో, 1891వ సంవత్సరమున లైప్‌జిగ్ సంతలో, వారు కీ యిచ్చిన నడుచు రైలుబండిని ఎనిమిది అంకె ఆకారముగా అమర్చిన పట్టాలపై ప్రదర్శించిరి. రైలుబొమ్మలు అంతకు పూర్వము లేకపోలేదు. నీరు కార్చుచు గచ్చుమీద తమకు తోచిన దిక్కునకు పోవు ఇత్తడి ఆవిరి ఇంజనులను ఇంగ్లండు పిల్లలు అప్పటికే ఎరిగియుండిరి. మార్క్‌లిన్ వారి ఘనత ఇంజనులో లేదు, పట్టాలలో ఉన్నది. నిర్ణీతమైన వెడల్పుతో ముక్కలు ముక్కలుగా దొరకు పట్టాలు వచ్చుటచే, ఒక పండుగకు బండి కొన్నవాడు మరుసటి పండుగకు నాలుగు వంకర పట్టాలు, ఒక పాయింటు, ఒక స్టేషను కొని చేర్చుకొనుటకు వీలు కలిగెను. వర్తకునకు కావలసినదియు అదియే కదా! ఆ వెడల్పులకు ఒకటి, రెండు, మూడు అని అంకెలిచ్చిరి. పిదప ఇంకను చిన్నది, అనగా 32 మిల్లీమీటర్లది, పుట్టినప్పుడు ఒకటికి దిగువ అంకె లేమిచే దానికి సున్న అని పేరిడవలసి వచ్చెను.

1900వ సంవత్సరపు పారిస్ ప్రదర్శనమున నార్తాంప్టన్ వర్తకుడు బాసెట్-లోక్ జర్మను బొమ్మల సొగసు చూచి ముగ్ధుడై, న్యూరెంబర్గు నగరపు బింగ్ కర్మాగారముచే ఇంగ్లీషు రైలు కంపెనీల రంగులలో బండ్లు చేయించి తన దేశమున అమ్మసాగెను. గ్వాలియరు మహారాజు జయవిలాస భవనమున భోజనపు బల్లచుట్టు మద్యపు సీసాలను మోసికొని తిరుగు వెండి రైలు కూడ బాసెట్-లోక్ వారి పనియే. అతిథి సీసాను పైకెత్తినచో బండి ఆగునట్లును, మరల ఉంచినచో కదలునట్లును దానిని అమర్చిరి. మొదటి ప్రపంచయుద్ధము జర్మను సరకులపై ఆంగ్లేయుల మనస్సును విరిచినందున, మెకానో బొమ్మలతో పేరొందిన లివర్‌పూల్ నివాసి ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో స్వదేశపు కీ రైళ్లను అంగడికెక్కించెను.

అంతవరకు ఈ రైళ్లు నేలపైనే తిరిగినవి. ఇండ్లు ఇరుకైనకొలది బండి బల్లమీదికి ఎక్కవలసి వచ్చెను. 1935లో మార్క్‌లిన్ వారును ట్రిక్స్ వారును సున్న గేజిలో ఇంచుమించు సగమైన 16.5 మిల్లీమీటర్ల పట్టాలతో విద్యుత్తుచే నడుచు రైళ్లను వెలువరించిరి. అడుగునకు మూడున్నర మిల్లీమీటర్ల చొప్పున బండిని కుదించినచో అది ఆ పట్టాలకు సరిగా అమరును, నేడు హెచ్.ఓ. అని వ్యవహరింపబడు 1:87 కొలత ఇదియే. కాని ఇంగ్లండు సొరంగములు ఇరుకు, అందుచే అక్కడి అసలు ఇంజనులే ఐరోపావానికంటె సన్నమైనవి; వానిని 1:87 చొప్పున కుదించినచో ఆనాటి మోటారు లోపల పట్టలేదు. కనుక ఆంగ్లేయులు బండిని మాత్రము అడుగునకు నాలుగు మిల్లీమీటర్లుగా పెంచి, పట్టాలను ఉన్నవి ఉన్నట్లు ఉంచుకొనిరి. ఫలితముగా 4 అడుగుల 8½ అంగుళముల వెడల్పు ఉండవలసిన దారి వారి నమూనాలలో 4 అడుగుల 1½ అంగుళము మాత్రమే అయినది. 1938లో వచ్చిన హార్న్‌బీ డబ్లో ఈ పొసగని పొత్తును స్థిరపరచెను. మోటార్లు గోరంతలైన నేటికిని బ్రిటిషు అంగళ్లలో అదియే చెల్లుబడి అగుచున్నది. ఆ లోపమును సహింపలేని కొందరు 18.83 మిల్లీమీటర్ల పట్టాలను తామే పరచుకొందురు. వారి ఓర్పునకు నమస్కారము.

స్థలవిషయమున మాత్రము అందరును కల్లలాడుదురు. మన బ్రాడ్ గేజి దారిలో అనుమతించు మిక్కిలి వాడియైన వంపునకు వ్యాసార్ధము 175 మీటర్లు. దానిని 1:87 చొప్పున కుదించిన రెండు మీటర్లగును. బండి ఒక చుట్టు తిరిగి వచ్చుటకు నాలుగు మీటర్ల గది కావలెను. మార్క్‌లిన్ వారి సాధారణ వంపు వ్యాసార్ధము 36 సెంటీమీటర్లే! పెరంబూరు కర్మాగారపు పాత నమూనా రైలుపెట్టె ఒక్కటి ఈ కొలతలో ఇరువదినాలుగున్నర సెంటీమీటర్ల పొడవుండును గనుక, ఇరువదినాలుగు పెట్టెల ఎక్స్‌ప్రెస్సునకు ఆరు మీటర్ల ప్లాట్‌ఫారము వేయవలెను. ఎవ్వరును వేయరు, ఆరు పెట్టెలతో సరిపెట్టుకొని, దారిని ఒక కొండవెనుకకు మరలించి, అది దూరదేశమునకు పోయినదని నమ్మింతురు.

విద్యుత్తు కథ వేరు. మార్క్‌లిన్ వారు నడుమ ఒక మూడవ వాహకము నుంచిరి. అది కంటికి వికారమని తలచినవారు మిగిలిన రెండు పట్టాలతోనే, ఒకటి రాకకును ఒకటి పోకకును, పని నడిపిరి. ఇందొక చిక్కున్నది: బండి ఒక ఉచ్చువంటి వలయము చుట్టి తాను వచ్చిన దారిలోనికే మరలినప్పుడు కుడిపట్టా పోయి ఎడమపట్టాతో కలియును, వెంటనే షార్టు సర్క్యూటగును. ఆ వలయమును రెండు చివరల కోసి, బండి లోపలనున్న సమయమున ధ్రువములను తారుమారు చేయుటయే దీనికి విరుగుడు. ఇరువదవ శతాబ్ది చివరి దశకములో ప్రమాణముగా స్థిరపడిన అంకెల పద్ధతిలో ప్రతి ఇంజనునకును ఒక సంఖ్య యుండి, తన సంఖ్యతో వచ్చిన ఆజ్ఞను మాత్రమే అది పాటించును. అందుచే రెండు బండ్లు ఒకే దారిపై ఎదురెదురుగా రాగలవు, కావలసినచో గుద్దుకొననుగలవు.

బండిని గుండ్రముగా త్రిప్పిన ముచ్చట వారములో తీరును. అటుపిమ్మట ఏమి చేయవలెనను ప్రశ్నకు అమెరికావారు చక్కని సమాధానము కనుగొనిరి. సరకుపెట్టెలను ఫలానా గిడ్డంగి యొద్ద విడిచి, ఫలానా వానిని తగిలించుకొని, టైమ్ టేబుల్ తప్పక రావలెనని నియమములు కల్పించి ఆటను ఉద్యోగముగా మార్చిరి. కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ ఆలెన్ నిర్మించిన కొండదారి వీనియందు ప్రసిద్ధము. నిగనిగలాడు బండ్లకు మసియు, తుప్పును పూసి పాతబరచుటలో అతడు ఆరితేరినవాడు; అయినను ఆ సహజత్వపు నడుమ పెట్టెలను షంటింగు చేయుటకు ఒక రాక్షసబల్లి బొమ్మను నియమించిన చమత్కారి. 1973 జనవరిలో అతడు మరణించిన కొలది దినములకే ఆ దారి అగ్నికి ఆహుతియైనది.

మనదేశమున ఈ విద్యను చూడగోరువారికి పుణె కొత్రూడులో 1998లో తెరచిన జోషీవారి ప్రదర్శనశాల కలదు. తానే స్వయముగ సికిందరాబాదు స్టేషనును బల్లపై నిలుపగోరు తెలుగువానికి మాత్రము ఇంగ్లండువారి చిక్కే ఎదురగును: ఐదున్నర అడుగుల మన బ్రాడ్ గేజి 1:87లో 19¼ మిల్లీమీటర్లు కావలసియుండగా, అంగడిలో దొరకునది 16.5 మాత్రమే. అతడు మన్మాడుకు పోయిన పాత హైదరాబాదు–గోదావరీ లోయ రైలుదారిని ఎన్నుకొన్న పక్షమున చిక్కు విడిపోవును. అది మీటరు గేజి; ఆ కొలతలో పదకొండున్నర మిల్లీమీటర్లు; స్విట్జర్లండు కొండరైళ్ల నమూనాలకై ఐరోపావారు చేయు 12 మిల్లీమీటర్ల పట్టాలు దానికి ఇంచుమించు సరిపోవును. అసలు దారి ఏనాడో బ్రాడ్ గేజిగా మారిపోయినది గనుక, బండ్లను మాత్రము పాత ఛాయాచిత్రములు చూచి చేసికొనవలసియుండును.