గోడ కట్టిన తరువాత

శతవార్షికోత్సవ వేళ మన పితరులు కట్టిన ఆలయములను, పాఠశాలలను తలంచుకొని దేవుని స్తుతించుట యుక్తమే. అయితే పూర్వము ఒక గొప్ప కట్టడము ముగించిన దేవుని ప్రజలు ఏమి చేసిరో నెహెమ్యా గ్రంథమునుండి చూతము.

క్రీ.పూ. 445లో, పారసీక రాజైన అర్తహషస్త యేలుబడి 20వ సంవత్సరమున, నెహెమ్యా యెరూషలేమునకు వచ్చెను. ప్రాకారము 52 దినములలో ముగిసెను. ఆ కాలముననే బీదల మొర వినబడెను. కరవులో ధాన్యము కొరకు కొందరు పొలములు, ఇండ్లు కుదువ పెట్టిరి. రాజుపన్ను కట్టుటకు కొందరు అప్పు చేసిరి. వారి బిడ్డలు దాస్యమునకు పోవుచుండిరి. అప్పిచ్చినవారు అన్యులు కారు, స్వంత సహోదరులే!

నెహెమ్యా వారిని గద్దించెను. తానును తనవారును అప్పిచ్చితిమని దాచక చెప్పెను. పొలములు, తోటలు, ఇండ్లు, వడ్డీగా తీసికొనిన నూరవ భాగము తిరిగి ఇయ్యుడనెను. వారు అట్లే చేసిరి.

అటుపిమ్మట ఏడవ నెల మొదటి దినమున నీటి గుమ్మము ఎదుట ఎజ్రా ధర్మశాస్త్రము చదువగా జనులు ఏడ్చిరి. 24వ దినమున ఉపవాసముండి పాపములు ఒప్పుకొనిరి. ఒప్పుకొనుటకు ధైర్యమెక్కడిది? పితరులు పోతదూడను చేసికొన్ననాడు సహితము దేవుడు వారిని విడువక క్షమించెనని ఆ ప్రార్థనలోనే తలంచుకొనిరి.

ఈ గ్రంథములోని వరుస గమనింపుడు: తిరిగి ఇచ్చుట ముందు, కన్నీరు తరువాత. హెబ్రీ భాషలో పశ్చాత్తాపమునకు వాడు 'షూబ్' అను మాటకు 'తిరుగుట' అని అర్థము. క్రొత్త నిబంధనలోని 'మెటనోయియా' అను గ్రీకు మాటను మన తెలుగు బైబిలు 'మారుమనస్సు' అనుచున్నది. జక్కయ్య మారిన మనస్సు అతని డబ్బుసంచిలో కనబడినది గదా!

క్రీ.పూ. 433లో నెహెమ్యా రాజునొద్దకు పోయి, కొంతకాలమునకు తిరిగి వచ్చెను. అప్పటికి విశ్రాంతిదినమున వ్యాపారము సాగుచుండెను. లేవీయులకు భాగములు అందలేదు. ఆలయపు గదిలో టోబీయా సామాను ఉండెను. గోడ నిలిచియే యుండెను, మనస్సులు జారిపోయెను. కావున ఉజ్జీవము ఒకనాటి పండుగ కాదు.

నూరేండ్ల సంఘమా, మనము ఎవరికి ఏమి తిరిగి ఇయ్యవలసియున్నది? ఏ సహోదరునితో మాటలు మానితిమి? ప్రభువు బల్లయొద్దకు వచ్చుటకు ముందు ఆ లెక్క తీర్చుకొందము. నెహెమ్యావలె, గురువులమైన మేమే మొదట ఒప్పుకొందుము. ప్రభువు మనలను తనవైపు త్రిప్పుకొనును గాక. ఆమెన్.